కాలు జారిందన్న మాట

అన్యాయం ఎవరికి జరిగింది? ఏ విధంగా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబును చివరిదాకా దాచిపెట్టి చదువరిని ఊరించడం కొందరికి సరదా. ఇక్కడ ఆ సరదాకు చోటు లేదు. అన్యాయం జరిగింది భూలక్ష్మికి. రహమత్ నగర్‌లో ఒంటిగది కిరాయి ఇంట్లో తల్లితో ఉంటూ, ఫిల్మ్ నగర్ స్టూడియోలో గుంపు నృత్యాలు చేసి పొట్టపోసుకునే ఇరవై ఏళ్ళ పిల్లకు జరిగింది. ఏ జబ్బూ లేని పన్నును ఆమె నోట్లోంచి పీకించారు. ఆ గాయంలోంచి రక్తంలోకి చేరిన క్రిములు ఆమె గుండె వాల్వు మీద గూడు కట్టుకున్నాయి. జ్వరం వచ్చింది. పాట చిత్రీకరణ ఆగకూడదని ఆ జ్వరాన్ని సూదులతో అణిచిపెట్టి, ఆమె చేత ఆడించారు. చేయించినది నిర్మాత త్రినాథరావు కంపెనీ. ఆ కంపెనీకి ఆ కుటుంబం విషయంలో అది మొదటి అన్యాయం కూడా కాదు.

పన్ను కథ ముందు చెప్పాలి. భూలక్ష్మికి పైవరుసలో కోరపన్ను పక్కన మరో పన్ను ఎక్కి ఉండేది. రహమత్ నగర్‌లో ఆడవాళ్ళు దాన్ని అదృష్టమనేవారు. వెనక వరుసలో ఆడినన్నాళ్ళు దాని జోలికి ఎవరూ రాలేదు. త్రినాథరావు కొత్త సినిమాలో కథానాయిక పక్కన, ముందు వరుసలో నిలబడే అవకాశం వచ్చేసరికి, దగ్గర నుంచి తీసిన ముక్కలో ఆ పన్ను మీద లైటు పడి తళుక్కుమంది. ఛాయాగ్రాహకుడు విసుక్కున్నాడు. ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు ఆమెను కారులో ఎక్కించుకుని జూబ్లీ హిల్స్‌లోని ఒక పళ్ళ డాక్టరు దగ్గరకు బయలుదేరాడు.

భూలక్ష్మికి చిన్ననాడు కీళ్ళజ్వరం వచ్చి, అది పోతూ పోతూ గుండె వాల్వును పాడుచేసి పోయింది. సర్కారు దవాఖానాలో వైద్యం చేసిన పెద్దాయన ఆనాడే చెప్పాడు: పన్ను పీకించినా సరే, గుండె సంగతి ముందు చెప్పాలి, ముందుగా మందు వేసుకోవాలి. ఆ మాట తల్లి శకుంతలమ్మ మరచిపోలేదు. కూతురూ మరచిపోలేదు. కానీ కారులో చలపతిరావు వెనక్కి తిరిగి నవ్వుతూ అన్నాడు.

"చూడమ్మాయ్, అక్కడ గుండె గిండె అన్నావంటే రేపటి నుంచి ఏ కంపెనీ నిన్ను గేటు లోపలికి రానివ్వదు. ఆడుతూ ఆడుతూ పడిపోయే పిల్లని ఎవడు పెట్టుకుంటాడు చెప్పు?"

పళ్ళ డాక్టరు అడగవలసిన ప్రశ్న అడిగాడు. గుండె జబ్బు ఏమైనా ఉందా అన్నాడు. పిల్ల నోరు తెరిచే లోపే చలపతిరావు జవాబు చెప్పాడు.

"మా పిల్లలకి జబ్బులేంటండీ డాక్టరుగారూ! రోజంతా గెంతినా మళ్ళీ గెంతుతారు."

ఆ ఒక్క వాక్యంతో పని అయిపోయింది. ఇంటికి వచ్చి భూలక్ష్మి తల్లితో పన్ను దానంతటదే ఊడిందని చెప్పింది. జీవితంలో తల్లికి ఆమె చెప్పిన పెద్ద అబద్ధం అదే. తల్లి ఆమెకు చెప్పిన అబద్ధం అంతకంటే పాతది. ఆ సంగతికి త్వరలోనే వస్తాం.

కొన్నాళ్ళకు సాయంకాలపు జ్వరం మొదలైంది. చెమటలు పట్టేవి. అన్నం సహించేది కాదు. కంపెనీ డాక్టరు ఒకాయన మేకప్ గదిలోనే సూది వేసేవాడు, రెండు రోజులకు సరిపడా గొట్టం మాత్రలిచ్చేవాడు. జ్వరం దిగేది, పిల్ల ఆడేది. మందు ఆగగానే జ్వరం మళ్ళీ వచ్చేది, మళ్ళీ సూది పడేది. అలా వేసిన ఏ సూదీ జబ్బును చంపలేదు, దాని జాడను మాత్రం చెరిపింది. చివరికి ఒకనాడు భూలక్ష్మి బస్సు దిగి ఇంటి గడప దాటలేక అక్కడే కూలబడిపోయింది. శకుంతలమ్మ ఆమెను ఆటోలో వేసుకుని సర్కారు పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది.

అక్కడ మొదట టైఫాయిడ్ అన్నారు. తరువాత క్షయ కావచ్చునన్నారు. రక్తాన్ని పరీక్షకు పంపితే ఏ క్రిమీ మొలకెత్తలేదు. గుండె పాతదెబ్బ గురించి శకుంతలమ్మ చెబుతూనే ఉంది. వినేవాళ్ళు తల ఊపి వెళ్ళిపోతూనే ఉన్నారు. గుండె విభాగం నుంచి డాక్టర్ నాగేశ్వరి వచ్చేదాకా ఎవరూ ఆ పిల్ల నోరు తెరిచి చూడలేదు. నాగేశ్వరి ఆ పిల్ల గుండె చప్పుడు చాలాసేపు విన్నది. వేళ్ళ కొసలు నొక్కి చూసింది. అక్కడున్న చిన్న ఎర్రని మచ్చలు నొక్కితే పిల్ల మూలిగింది. ఆ తరువాత నోరు తెరవమన్నది.

"ఈ పన్ను ఎవరు పీకారు?"

"అదే ఊడింది మేడమ్."

"నీ వయసులో గట్టి పన్ను అదే ఊడదు. నాకు అబద్ధం చెప్పు, ఫరవాలేదు. నీ గుండెకి చెప్పగలవా?"

భూలక్ష్మి తల్లి వైపు చూసింది. చూసి ఏడ్చింది. ఏడుస్తూ కారు సంగతి, చలపతిరావు జవాబు, మేకప్ గదిలో సూదులు అన్నీ చెప్పేసింది. శకుంతలమ్మ మంచం కమ్మీ పట్టుకుని నిలబడి విన్నది. కూతురి మీద చేయి లేవలేదు. లేవవలసిన చేయి ఎవరి మీదో ఆమెకు తెలుసు.

మందులన్నీ ఆపి, పిల్లను కనిపెట్టుకుని ఉండి, రక్తం మళ్ళీ తీయించింది నాగేశ్వరి. ఈసారి క్రిములు మొలకెత్తాయి. అవి నోట్లో ఉండే రకం. అప్పుడు శకుంతలమ్మను వరండాలోకి పిలిచి, బల్ల మీద కూర్చోబెట్టి చెప్పింది.

"మామూలు మనిషికి పన్ను పీకితే క్రిములు రక్తంలోకి వస్తాయి, పోతాయి. మీ అమ్మాయికి పాడైన వాల్వు ఉంది కాబట్టి అక్కడ అంటుకుని పెరిగాయి. ఆ గూడు లోపలికి మందు తేలిగ్గా పోదమ్మా. అందుకని పెన్సిలిన్ నాలుగు గంటలకోసారి నరంలోకే ఇస్తాం. తోడు ఇంకో మందు కొన్నాళ్ళు. మొత్తం ఆరు వారాలు."

"జొరం తగ్గితె పంపరా మేడమ్?"

"జ్వరం వారంలో తగ్గుతుంది. అదే ప్రమాదం. తగ్గింది కదా అని మానేస్తే మిగిలిన క్రిములు మళ్ళీ లేస్తాయి. వాల్వుని తినేస్తాయి. గూడులోంచి ముక్క విరిగి మెదడుకి పోతే కాలూ చేయీ పడిపోతాయి. ఆఖరి సూది పడేదాకా ఈ పిల్ల మంచం దిగకూడదు. విన్నావా?"

"విన్న మేడమ్. నా పానం అడ్డమేస్త."

నాగేశ్వరి చెప్పినట్టే జ్వరం వారంలో తగ్గింది. భూలక్ష్మి లేచి కూర్చుంది, జడ వేయించుకుంది, పచ్చిపులుసు కావాలని అడిగింది. అంతలో చలపతిరావు బత్తాయిల సంచితో వచ్చాడు. శకుంతలమ్మ అప్పుడు నీళ్ళకు పోయింది. పాటలో సగం భాగం భూలక్ష్మి కథానాయిక పక్కన ఉండగానే తీశారు. మిగతా సగంలో ఆమె లేకపోతే అతకదు. కథానాయికకు మళ్ళీ తీరిక లేదు. సెట్టు విప్పేయాలి. ఇవన్నీ చెప్పి చివర్లో అసలు మాట అన్నాడు.

"సారు నీకోసం ఎదురుచూస్తున్నారమ్మా. మీ నాన్న చేసిన నిర్వాకానికి వేరేవాళ్ళైతే మీ మొహం చూసేవాళ్ళా? ఆయన కాబట్టి నిన్ను ముందు వరుసలో నిలబెట్టాడు."

మరునాడు పొద్దున శకుంతలమ్మ బట్టలు ఉతుక్కుని తిరిగివచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. నర్సు వేయవలసిన సూది ట్రేలో అలాగే ఉంది.

ఆ తండ్రి చేసిన "నిర్వాకం" ఏమిటో ఇప్పుడు చెప్పాలి. ఎనభైల్లో, మద్రాసు నుంచి కంపెనీలు ఒక్కొక్కటే ఈ రాళ్ళగుట్టల మీదికి వస్తున్న రోజుల్లో, శకుంతలమ్మ పెనిమిటి జంగయ్య త్రినాథరావు సెట్లలో లైట్లు పెట్టేవాడు. ఒకనాడు లైట్లవాళ్ళు ఎక్కి నిలబడేందుకు పైన కట్టిన చెక్కపలక విరిగి, చేతిలోని లైటుతో సహా కింద పడి చనిపోయాడు. కార్మిక సంఘం విచారణకు కూర్చునే ముందురోజు త్రినాథరావు స్వయంగా రహమత్ నగర్ వచ్చాడు. అప్పుడు అతను ఒక్క సినిమా తీసిన కుర్ర నిర్మాత. గుమ్మంలో చేతులు జోడించాడు.

"పలక విరిగిందంటే నా సినిమా ఆగిపోతుంది శకుంతలమ్మా. తాగి కాలు జారాడని ఒక్క మాట చెప్పు. పోయినవాడికి మాటతో పోయేదేముంది? ఈ అప్పు ఉంచుకోను. నువ్వు ఎప్పుడడిగినా తీరుస్తాను. నీ కూతురికి ఏ లోటూ రానివ్వను."

చంకలో పిల్ల ఉంది. ఇంట్లో గింజలు లేవు. శకుంతలమ్మ సంఘం పెద్దల ముందు నిలబడి, కల్లు ముట్టని మనిషి తాగి కాలు జారాడని చెప్పింది. సినిమా ఆడింది. త్రినాథరావుకు జూబ్లీ హిల్స్‌లో బంగళా వచ్చింది. శకుంతలమ్మకు ఆయన సెట్లలో పాత్రలు తోమే పని వచ్చింది. భూలక్ష్మి మాత్రం తాగుబోతు కూతురన్న పేరుతో పెరిగింది. ఆ తాగుబోతు సంసారాన్ని దయతలచి నిలబెట్టిన సారుకు జీవితాంతం రుణపడి ఉన్నామని నమ్మి పెరిగింది. ఆ నమ్మకమే ఇప్పుడు ఆమెను మంచం మీది నుంచి లేపి తీసుకుపోయింది.

ఫిల్మ్ నగర్ స్టూడియో గేటు దగ్గర శకుంతలమ్మను ఎవరూ ఆపలేదు. తోమే పనికి వచ్చిందనుకున్నారు. లోపల రాజదర్బారు సెట్టు. అద్దాల స్తంభాలు, పట్టు తెరలు, పైన పలకల మీద వరుసగా లైట్లు. పాట మోగుతోంది. ముందు వరుసలో, ఎర్రని పరికిణీలో, కూతురు. నరంలో గుచ్చి ఉంచిన సూదిగొట్టం ఇంకా ముంజేతికే ఉంది. దాని మీద రంగు పూసి, వెడల్పాటి గాజులు ఎక్కించారు. పిల్ల ఒక చుట్టు తిరిగి, ఊపిరి అందక పెదవులు తెరిచి నవ్వుతోంది. ఆ నవ్వు కెమెరా కోసం.

"ఆపుండ్రి!"

పాట ఆగలేదు. శకుంతలమ్మ నేరుగా నడిచి వెళ్ళి కెమెరాకు ఎదురుగా నిలబడింది. అప్పుడు ఆగింది.

చలపతిరావు పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, ఎవరయ్యా ఈవిణ్ణి రానిచ్చింది? ఏమ్మా, మతుండే వచ్చావా? ఒక్క రోజు! ఒక్క రోజు ఆడి వెళ్ళిపోతుంది. మేం దాన్ని మింగేస్తామా?"

"పన్ను మింగినవ్, ఆరోగ్యం మింగినవ్. ఇంకేం మిగిలింది మింగనీకి? పక్కకు జరుగు. నీతోని కాదు నా మాట." ఆమె కూతురి వైపు తిరిగింది. "బిడ్డా, నడువ్. సూది వేళ దాటింది."

"అమ్మా, నువ్వు గిట్ల పరువు తియ్యకు. జొరం లేదు నాకు. గీ పాట అయితె వస్త."

"జొరం పోయింది, రోగం పోలే. డాక్టరమ్మ నీ ముందర్నే చెప్పింది గద!"

"సారు మనల్ని సాదిండు. నాయిన గట్ల చేసినా మనల్ని ఎల్లగొట్టలే. ఇప్పుడు నేను ఎట్ల ఇడిసిపెట్టి పోవాలె?"

"మీ నాయిన ఏం చెయ్యలే బిడ్డా. పలక ఇరిగింది. నేనే అబద్ధం చెప్పిన."

భూలక్ష్మి జాలిగా చూసింది. "నన్ను తీస్కపోనీకి ఏమన్న చెప్తవ్ నువ్వు."

నిజమే కదా, శకుంతలమ్మ మాటకు విలువ ఏమిటి? ఒకసారి అబద్ధానికి ఇచ్చేసిన నోరు అది. ఆ నోటి నుంచి నిజం వచ్చినా పిల్ల నమ్మదు. పిల్ల నమ్మే నోరు ఒక్కటే ఉంది. అది ఆ మూల పేము కుర్చీలో, తెల్లచొక్కాతో, అంతా వింటూ కూర్చుని ఉంది.

ఆమె ఆ కుర్చీ ముందుకు వెళ్ళింది.

"సారూ, యాదున్నదా? ఎప్పుడడిగినా తీరుస్తనన్నవ్. ఇయ్యాల అడుగుతున్న."

త్రినాథరావు లేచాడు. జుట్టు నెరిసినా గొంతు అదే తియ్యని గొంతు. "శకుంతలమ్మా, లోపల గదిలో కూర్చుని మాట్లాడుకుందాం రా. అమ్మాయి వైద్యం ఖర్చంతా నాది. పెద్ద ఆస్పత్రిలో వేయిస్తా. సరేనా?"

"నేను నీకు పైసలిచ్చిన్నా, పైసలు తీస్కోనీకి? మాట ఇచ్చిన. నూరుమంది ముందర ఇచ్చిన. మాటే కావాలె. నూరుమంది ముందర్నే కావాలె."

"ఇది సమయం కాదు. బాలనర్సయ్యా, లైట్లు చూడు. షాట్ తీద్దాం."

బాలనర్సయ్య పైన పలకల మీద ఉన్నాడు. లైట్ల పనివాళ్ళకు పెద్ద. ఆ పని అతనికి నేర్పింది జంగయ్య. ఎడమ చివరి లైటు ఆరింది. దాని పక్కది ఆరింది. అద్దాల స్తంభాలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. పట్టు తెరలు గోనెపట్టాల్లా కనిపించాయి.

"ఏందయ్యా అది, ఫ్యూజు పోయిందా?" అని చలపతిరావు అరిచాడు.

"పోలే సాబ్. నేనే బందు చేసిన," అని పైనుంచి గొంతు వచ్చింది. "వదినె అడిగినదానికి సారు జవాబు చెప్పనియ్యి. అప్పుడేస్త. గప్పటిదాంక ఫికర్ చెయ్యకుండ్రి, చల్లగుంటది."

ఎవరో నవ్వారు. మరుక్షణం ఆ నవ్వు కూడా ఆగిపోయింది. నృత్యపు పిల్లలు, సెట్టింగు పనివాళ్ళు, టీలు మోసేవాళ్ళు, కథానాయిక, ఆమె తల్లి, అందరూ ఒక్క మనిషినే చూస్తున్నారు. త్రినాథరావు చేతిగడియారం చూసుకున్నాడు. చలపతిరావు వైపు చూశాడు. సాయం ఎటునుంచీ రాలేదు.

"సరే, పాట వాయిదా వేస్తాను," అన్నాడు. "అమ్మాయి పూర్తిగా కోలుకున్నాకే తీస్తాం. ఆమె చోటు ఆమెదే. ఆ పన్ను విషయంలో మావాళ్ళు తప్పు చేశారు. ఒప్పుకుంటున్నాను. చాలా?"

"చాలదు. అది సగమే. నా మొగని సంగతి చెప్పు. నా బిడ్డ దిక్కు చూసి చెప్పు."

త్రినాథరావు భూలక్ష్మి వైపు చూశాడు. ఆ పిల్ల ఆయన మీద జాలితో, తల్లి చేసిన రచ్చకు సిగ్గుతో చేతులు జోడించి నిలబడి ఉంది. ఆమె చూపులో అనుమానం లేదు. తిట్లైతే ఆయన తట్టుకునేవాడు. ఆ దండం తట్టుకోలేకపోయాడు.

"మీ నాన్న తాగలేదమ్మా."

గాజులు గలగలమన్నాయి. ఆమె చేతులు విడిపోయాయి.

"పలక పుచ్చిపోయింది. మార్చాలని ముందురోజే చెప్పాడు. ఎవరో కాదు, మీ నాన్నే నాకు చెప్పాడు. మారిస్తే ఒక పూట పోతుందని నేను ఎక్కమన్నాను. తాగి కాలు జారాడని మీ అమ్మ చేత చెప్పించింది నేనే. మీరు నాకు ఏమీ బాకీ లేరు."

భూలక్ష్మి గాజులు ఒక్కొక్కటే తీసి ఆ నేల మీద పడేసింది. రంగు పూసిన పట్టీ, దాని కింద సూదిగొట్టం బయటపడ్డాయి.

"సారూ, నా చేతికి రంగు పూసేటప్పుడు గూడ నీకు దండం పెట్టిన," అన్నది. గజ్జెలు విప్పి, వట్టికాళ్ళతో తల్లి దగ్గరకు వచ్చింది. చలపతిరావు కారు పిలుస్తానన్నాడు. శకుంతలమ్మ అతని మొహం కూడా చూడకుండా ఆటో ఎక్కింది.

దవాఖానాలో నాగేశ్వరి తల్లీకూతుళ్ళిద్దరినీ దులిపేసింది. "సినిమాలో కనిపించడానికి వెళ్ళావా? రేపు వాల్వు చిరిగితే నీ ముందు వరుస వచ్చి కుడుతుందా?" అని తిడుతూనే గొట్టం మార్పించి, తప్పిన మందు తన కళ్ళెదుటే ఎక్కించింది. ఆనాటి నుంచి భూలక్ష్మి మంచం దిగలేదు. నరాలు వాచి గొట్టం గుచ్చే చోటు దొరక్క నర్సులు వెతుక్కుంటుంటే, తానే చేయి చాపి చూపించేది. ఆరు వారాలు ముగిశాక రక్తం మళ్ళీ పరీక్షకు పోయింది. ఏమీ మొలకెత్తలేదు. ఈసారి ఆ మాట నిజం. వాల్వు కాస్త కారుతూనే ఉంటుందనీ, ఏనాటికైనా ఆపరేషన్ కావలసి రావచ్చుననీ నాగేశ్వరి దాచకుండా చెప్పింది. క్రిములు మాత్రం చచ్చాయి. పిల్ల బతికింది.

కానీ శకుంతలమ్మ లెక్క ప్రకారం పని ఇంకా మిగిలి ఉంది. ఆమె అబద్ధం చెప్పింది సెట్టులో కాదు, కార్మిక సంఘం హాలులో. త్రినాథరావుకు అదే కబురు పంపింది. రానని ఆయన రెండుసార్లు తప్పించుకున్నాడు. లైట్ల పనివాళ్ళు ఆయన కంపెనీలో పలకలెక్కడం మానేశారు. మూడోసారి వచ్చాడు.

హాలు కిక్కిరిసింది. పెద్దలు కూర్చునే బల్ల అదే. దాని ముందు ఒకనాడు చంకలో పిల్లతో శకుంతలమ్మ నిలబడ్డ చోట త్రినాథరావు నిలబడ్డాడు. పలక పుచ్చినదని, తనకు తెలుసునని, తెలిసీ ఎక్కించానని, జంగయ్య కల్లు ముట్టని మనిషని చెప్పాడు. గొంతు తగ్గినప్పుడల్లా వెనక నుంచి బాలనర్సయ్య "వినబడ్తలేదు సారూ" అన్నాడు. ఆయన మళ్ళీ చెప్పాడు. అధ్యక్షుడు పాత తీర్పును కొట్టివేసి, జంగయ్య మరణానికి కారణం నిర్మాత నిర్లక్ష్యమని హాలంతటికీ వినబడేలా ప్రకటించాడు.

త్రినాథరావు చెమట తుడుచుకుని శకుంతలమ్మ వైపు తిరిగాడు. క్షమించానన్న మాట ఆమె నోటి నుంచి వస్తుందేమోనని ఆగాడు.

ఆమె కూతురి భుజం పట్టుకుని లేచింది.

"నేనిచ్చిన మాట నాకు ముట్టింది సారూ," అన్నది. "నీ అప్పు తీరింది. ఇగ నువ్వెవరో నేనెవరో."